బర్రెకు పై పళ్లెన్ని? పిల్లలకు నిజం సంగతుల బొమ్మల పుస్తకాలు ఎట్ల ఎంచుకోవాలె, ఎట్ల చదవాలె, ఇంట్ల ఎట్ల చెయ్యాలె

మూడేండ్ల కింద ఎండాకాలం సెలవులకు నర్సంపేట దగ్గర మా అమ్మగారింటికి పోయినం. మా పాపకు అప్పుడు ఐదేండ్లు. కొట్టం కాడ గూటానికి కట్టేసిన బర్రె నోట్లకు తొంగి తొంగి చూసి "అమ్మమ్మా, దీనికి పైన పళ్లు లెవ్వు, ఊడిపోయినయా?" అని అడిగింది. మా అమ్మ పాలు పిండుకుంటనే "ఊడలే బిడ్డా, బర్రెలకు పైన ముందట పళ్లే ఉండయి, పుట్టినకాడికెల్లి అంతే" అన్నది. చిన్నప్పటి సంది బర్రె పాలు తాగి పెరిగిన నాకు ఆ సంగతి ఆ రోజే తెలిసింది. హన్మకొండకు తిరిగి వచ్చినంక ఇది ఉన్న తెలుగు పుస్తకం ఏమన్న ఉందా అని ఇల్లంత వెతికిన. అప్పటికే మా ఇంట్ల నలభై దాకా పిల్లల పుస్తకాలున్నయి, అన్నిట్ల జంతువులు మాట్లాడ్తయి, మోసం చేస్తయి, బుద్ధి తెచ్చుకుంటయి, కానీ బర్రె గడ్డి ఎట్ల తింటదో ఒక్కదాంట్ల గూడ లేదు.

కథలు వద్దని నేను అస్సలు అనను, మా పాప కథ లేనిదే పండుకోదు. కానీ మూడేండ్లు దాటిన పిల్లలు రోజంతా అడిగేది నిజం సంగతులే, వాన ఎక్కడికెల్లి వస్తది, బల్లి గోడ మీదికెల్లి ఎందుకు పడదు, చచ్చిపోయిన చీమ ఎక్కడికి పోతది. మనం ఆ ప్రశ్నలకు పొద్దంత "తర్వాత చెప్తా" అని, రాత్రికి మాట్లాడే నక్క కథ చదువుతం. 2000లో అమెరికాల నెల్ డ్యూక్ అనే ఆమె 20 ఒకటో తరగతి క్లాసురూములు చూసి ఒక పేపర్ రాసింది, అక్కడ పిల్లలు ఇట్లాంటి సమాచారం పుస్తకాలతోటి గడిపేది రోజుకు సగటున 3.6 నిమిషాలే అని తేలింది, అదీ క్లాసుల పుస్తకాలకు కొదవ లేని దేశంల. మరి మన ఇండ్లల్ల ఎంతో ఎవరికి వాళ్లు లెక్కేసుకోండి.

అప్పటి సంది ప్రతి ఆదివారం పొద్దున మా వాడకట్టు పిల్లలు ఏడెనిమిది మంది మా ఇంటి అరుగు మీద కూసుంటరు, గంట సేపు చదువుకుంటం, అప్పుడప్పుడు పుస్తకాలు చేసుకుంటం. అక్కడ చేసి చూసి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్న.

ముందు పుస్తకం ఎంచుకునుడు

రెండేండ్ల లోపు పిల్లలకు గట్టి అట్ట పుస్తకం, పేజీకి ఒకటే బొమ్మ, గిన్నె, చెంచా, కుక్క, కోడి, నోట్ల పెట్టుకున్నా చినగనిది, అంతే చాలు. మూడు నుంచి ఐదేండ్ల వాళ్లకు ఒక పుస్తకంల ఒకటే సంగతి ఉండాలె, పేజీకి రెండు మూడు వాక్యాలు దాటొద్దు. ఆరు నుంచి ఎనిమిదేండ్ల వాళ్లకు బొమ్మకు గీత గీసి పక్కన పేరు రాసినవి, లోపల కోసి చూపించినట్టు వేసిన బొమ్మలు, ముందట విషయసూచిక ఉన్నవి ఇయ్యొచ్చు. అయితే అట్ట మీద రాసిన వయసే పట్టుకొని కూసోవద్దు. మా అరుగు మీదికి వచ్చే ఒక పిలగాని వాళ్ల నాయిన కాజీపేట రైల్వేల పని చేస్తడు, వానికి ఆరేండ్లే కానీ రైలింజన్ గురించి పదేండ్ల పిల్లల పుస్తకం పెట్టినా గంట సేపు కదలడు, అదే పూల పుస్తకం ఇస్తే రెండు నిమిషాలకు లేస్తడు. ఇష్టం ఉన్నకాడ కష్టం పుస్తకమైనా నడుస్తది.

దుకాణంల కొనే ముందు నేను మూడు పనులు చేస్త. మొదటిది, కాళ్లు లెక్కపెడ్త. నవ్వకండి, ఇది చాలా పనికొచ్చే పరీక్ష, సాలెపురుగుకు ఎనిమిది కాళ్లు, చీమకు ఆరు, సీతాకోకచిలుకకు ఆరు, బొమ్మ గీసినాయనకు ఇవి తప్పు పోయినయంటే లోపల రాతల గూడ తప్పులుంటయనే నమ్మకం నాకు. ఒకసారి తొందరల ఒక పుస్తకం కొనుక్కొచ్చిన, ఇంటికొచ్చి చూస్తే తిమింగలాన్ని చేపల పేజీల, గబ్బిలాన్ని పక్షుల పేజీల పెట్టిన్రు. రెండూ పిల్లల్ని కని పాలిచ్చేవే కదా. పిల్లల పుస్తకమే కదా అని ఎవరూ సరి చూడనట్టుంది. చిన్నప్పుడు బొమ్మతోటి చూసిన తప్పు మనసుల గట్టిగ కూసుంటది, దాన్ని తీసేసుడు చాలా కష్టం, అందుకే దీని మీద నేను ఇంత పట్టుబడ్త.

రెండోది, అక్కడనే నిలబడి ఒక పేజీ పైకి చదువుత. నాలుక తట్టుకుంటే ఆ తెలుగు పిల్లలకు ఎక్కదు. చాలా పుస్తకాలు వేరే భాషలకెల్లి మార్చినవి, అట్ల మార్చినా మంచిగ రాసినవి ఉన్నయి, కానీ కొన్నిట్ల ఐదేండ్ల పిల్లకు కిరణజన్య సంయోగక్రియ అని పేజీల మధ్యల పడేస్తరు, అదే సంగతి ఆకు ఎండతోటి తన బువ్వ తనే వండుకుంటదని చెప్తే సరిపోతది. అట్లని పెద్ద మాటలన్నీ తీసెయ్యమని కాదు, నెమరు, పొలుసులు, గొంగళి, ఇట్లాంటి మాటలు పిల్లలు నోరు తిప్పుకుంట పదిసార్లు అనుకుంటరు, వాళ్లకు అదో సంబురం. పిల్లలు సొంతంగ చదువుకునే పుస్తకమైతే మాత్రం ఒత్తులు తక్కువున్నది, అక్షరం పెద్దగున్నది, వరుసకు వరుసకు మధ్యల జాగా ఉన్నది చూడండి.

మూడోది, బొమ్మల కొలత. ఒకే పేజీల ఏనుగు, ఎలుక ఒకే సైజుల గీస్తే పిల్లలు అదే నిజమనుకుంటరు. మంచి పుస్తకంల పక్కన మనిషినో, చెయ్యినో పెట్టి ఎంత పెద్దగుంటదో చూపిస్తరు.

ఎక్కడ దొరుకుతయంటే, సికింద్రాబాద్‌ల మంచి పుస్తకం వాళ్లు తెలుగుల పిల్లల కోసం చాలా వేస్తరు, తక్కువ ధరకే. నేషనల్ బుక్ ట్రస్ట్ 1957లో పెట్టింది, వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం వరుసల తెలుగువి ఉన్నయి. చెన్నైల తూలిక వాళ్లు ఇంగ్లీషు తెలుగు రెండూ ఒకే పేజీల ఉన్నవి వేస్తరు, ఇంగ్లీషు మీడియం పిల్లలున్న ఇండ్లకు అవి మంచిగ పని చేస్తయి. ఇంకోటి, ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైట్, దాంట్ల తెలుగు పుస్తకాలు పైసా లేకుండ చదువుకోవచ్చు, పిడిఎఫ్ దించుకొని ప్రింటు తీసుకోవచ్చు, లెవెల్ 1 నుంచి లెవెల్ 4 దాకా ఉంటయి, నిజం సంగతుల పుస్తకాలు గూడ మంచిగనే ఉన్నయి. ఆ పుస్తకాలను అందరు వాడుకోవచ్చని లైసెన్సు ఇచ్చిన్రు, అందుకే మనం అనువాదం చేసుకునుడు గూడ తప్పు కాదు. కలర్ ప్రింటు ఖర్చు అనుకుంటే బ్లాక్ అండ్ వైట్ తీయించి పిల్లలతోటి రంగులు వేయించండి, రంగు వేసే ముందు అసలుది ఏ రంగుల ఉంటదో పిల్లలు అడుగుతరు, దాంతోటే సగం పాఠం అయిపోతది.

లైబ్రరీని మర్చిపోవద్దు. నిజాం కాలంల తెలుగు చదువుకునుడే కష్టమున్న రోజులల్ల, 1904లోనే మన హన్మకొండల రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టిన్రు, అంత పాత అలవాటు ఉన్న ఊరు మనది. దగ్గర్ల ఉన్న గ్రంథాలయానికి పోయి పిల్లల బీరువా ఎక్కడుందో అడగండి, తాళం ఉంటే తీయించండి.

హైదరాబాద్ పోతే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు చవకగ దొరుకుతయి. వాటిని ఇంగ్లీషుల చదవాలని ఏం లేదు. నేను తెల్ల కాయితం ముక్కల మీద మన మాటల్ల తెలుగు రాసి ఇంగ్లీషు రాత మీద అతికిస్త. అట్ల అతికించేటప్పుడు మీ ఇంటి మాట రాయండి, మీ ఇంట్ల ఆనిగెపుకాయ అంటే ఆనిగెపుకాయనే, సోరకాయ అంటే సోరకాయ. స్కూల్ పుస్తకం మాట తర్వాత ఎట్లాగూ వస్తది.

చదువుడు

ముందు రోజు రాత్రి మీరు ఒక్కసారి చదువుకోండి. ఇది తప్పకుండ చెయ్యాలె, లేకపోతే మధ్యల మీకే అర్థం గాక ఆగిపోతరు.

పిల్లను ఒళ్లె కూసోబెట్టుకొని అట్ట చూపించి, దీని గురించి నీకు ముందే ఏం తెలుసు అని అడగండి, చెప్పిందల్లా పలక మీద రాయండి, తప్పయినా సరే దిద్దకుండ రాయండి. మా అరుగు మీద కప్ప పుస్తకం తీసినప్పుడు ఒక పిల్ల "కప్ప ఎండాకాలం చచ్చిపోయి వానాకాలం మళ్ల పుడ్తది" అన్నది, రాసినం. చదివినంక కప్పలు ఎండాకాలం మట్టిల, రాళ్ల కింద తడి ఉన్నకాడ దాక్కొని కదలకుండ ఉంటయని తెలిసింది, ఆ పిల్లనే లేచి పలక మీద తుడిచి మళ్ల రాసింది. మనం దిద్దుతే అంత గట్టిగ గుర్తుండేది కాదు.

తర్వాత బొమ్మ ముందు, రాత వెనుక. పేజీ తెరిచి మీరు నోరు మూసుకొని మనసుల ఐదు దాకా లెక్కపెట్టండి, పిల్లలే ఏదో ఒకటి చూపిస్తరు. మన చేర్యాల నకాషీ పటం కథలు చెప్పేటోళ్లు గూడ పటం విప్పి బొమ్మ చూపించుకుంటనే కథ చెప్తరు కదా, అట్లనే. పిల్ల "పురుగు" అన్నదనుకోండి, మీరు "అవు, పచ్చ పురుగు, ఆకు అంచు కొరుకుతుంది" అనండి, ఇంకో రెండు మాటలు కలిపి తిరిగి ఇచ్చినట్టు, ఒక్క క్షణం ఆగితే పిల్ల ఆ పొడుగు మాట తిరిగి అంటది. ఈ పద్ధతిని డయలాజిక్ రీడింగ్ అంటరు, 1988లో వైట్‌హర్స్ట్ అనే సైకాలజిస్టు, ఆయన టీమ్ కలిసి రెండేండ్ల చుట్టు వయసున్న పిల్లల తల్లిదండ్రులకు ఇది నేర్పించి చూసిన్రు, ఒక్క నెలకే ఆ పిల్లల మాట మిగతా వాళ్లకంటే ముందుకు పోయింది.

దీన్ని పరీక్ష లెక్క చెయ్యొద్దు. ఇదేంటిది, అదేంటిది, రంగేంటిది, మొన్న చెప్పిన కదా మర్చిపోయినవా, ఇట్ల అడిగితే నాలుగో రోజు పుస్తకం చూస్తేనే పిల్లలు లేచి పోతరు. నేను రెండే ప్రశ్నలు అడుగుత, ఏం కనిపిస్తుంది, నీకెట్ల తెలిసింది. రెండోది చాలా గొప్ప ప్రశ్న. "ఈ పిట్ట చేపలు తింటది" అన్న పిలగాన్ని నీకెట్ల తెలిసింది అంటే "ముక్కు పొడుగ్గ ఉంది, కాళ్లు నీళ్లల్ల ఉన్నయి" అన్నడు, రాత చదవకముందే.

కథల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా పోవాలె, ఇవి అట్ల కాదు. విషయసూచిక తెరిచి ఏది కావాలంటే అక్కడికి పోవుడు నేర్పండి. ఆరేండ్ల పిల్లకు తనకు కావాల్సిన పేజీ తనే వెతుక్కునుడు వస్తే దాని మొఖంల వెలుగు చూడాలె. బొమ్మ పక్కన గీత గీసి రాసిన పేర్లను గూడ వేలు పెట్టి చదవండి, చాలామంది పెద్దోళ్లు వాటిని వదిలేసి పెద్ద అక్షరాలే చదువుతరు. బొమ్మకు, మాటకు ఇట్ల జత కలిపే పద్ధతి చాలా పాతది, 1658లో కొమెనియస్ అనే పంతులు జర్మనీల న్యూరెంబర్గ్‌ల అచ్చు వేయించిన పిల్లల బొమ్మల పుస్తకంల ప్రతి బొమ్మకు నంబర్లు వేసి, అవే నంబర్లు పక్కన మాటలకు ఇచ్చిండు.

మీకు జవాబు తెలవకపోతే తెల్వదు అనండి. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకొని ప్రశ్న, తేదీ రాయండి. ఫోన్ వెంటనే తీయొద్దు, తీస్తే ప్రశ్న పోయి వీడియో మిగుల్తది. చదివింది మళ్ల మళ్ల చదవమంటే చదవండి, ఒకే పుస్తకం ఇరవైసార్లు అడిగే పిల్ల ప్రతిసారి కొత్తది చూస్తది. టైం పది పదిహేను నిమిషాలు చాలు.

బయట చూపించుడు

పుస్తకంల ఉన్నది వారం లోపల నిజంగ చూపిస్తేనే అది పిల్లలది అయితది. దానికి ఖర్చు గూడ అక్కర్లేదు. ఇంట్ల కరివేపాకు చెట్టో, నిమ్మచెట్టో ఉంటే ఆకుల మీద పిట్ట రెట్ట లెక్క కనిపించే చిన్న పురుగు వెతకండి, అది సీతాకోకచిలుక పిల్ల, శత్రువులు రెట్ట అనుకొని వదిలేస్తయని అట్ల ఉంటది, పెద్దగయినంక పచ్చగ మారుతది. కొమ్మతోటి సహా తెంపి నీళ్ల సీసాల పెట్టి, మీద పల్చని గుడ్డ కట్టండి, సీసా మూతికి దూది కుక్కండి, లేకపోతే పురుగు నీళ్లల్ల పడ్తది. రోజు తాజా ఆకు ఇయ్యాలె. గూడు కట్టుకున్నంక సుమారు పది రోజులకు పొద్దున పొద్దున బయటికి వస్తది, రెక్కలు తడిసి ముడుచుకొని ఉంటయి, ముట్టనియ్యొద్దు, ఆరినంక దానంతటదే ఎగిరిపోతది.

తొలకరి పడంగనే చెలకల్ల ఎర్రగ ముకమల్ లెక్క ఆరుద్ర పురుగులు వస్తయి. పిల్లలతోటి కాళ్లు లెక్కపెట్టించండి. ఎనిమిది వస్తయి. మనం పురుగు అంటం కానీ అది సాలెపురుగుకు, తేలుకు చుట్టం. ఇది మా పిల్లలే లెక్కపెట్టి కనిపెట్టిన్రు, ఆ రోజు అరుగు మీద ఎంత లొల్లో చెప్పలేను. చూసినంక మళ్ల మట్టిల వదిలిపెట్టించండి.

వానలు మంచిగ పడితే మత్తడి దుంకే చెరువు కాడికి తీస్కపోండి, దూరంగ నిలబడే చూపించండి. తూము, కట్ట, మత్తడి, శిఖం, ఈ మాటలు ఏ పిల్లల పుస్తకంల దొరకయి, కాకతీయుల కాలం సంది ఒక చెరువు నిండితే మత్తడి నీళ్లు కింది చెరువుకు పోయే గొలుసుకట్టు మన దగ్గర ఉన్నా సరే. రామప్ప పోతే గుడి 1213ల కట్టిన్రని, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చిందని పెద్దోళ్లకు చెప్పండి, ఐదేండ్ల పిల్లకు మాత్రం ఒక్కటే అడగండి, ఇటుక నీళ్లల్ల ఏస్తే మునుగుతదా తేలుతదా? ఆ గుడి గోపురానికి వాడిన ఇటుకల నిండ చిన్న చిన్న ఖాళీలు, అందుకే నీళ్ల మీద తేలేటంత తేలిక. ఇంటికొచ్చి బక్కెట్ల మామూలు ఇటుక ముక్క ఏసి చూస్తే తేడా తెలుస్తది.

ఇంట్ల పుస్తకం చేసుడు

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే, కొంచెం వివరంగ రాస్త. కావాల్సినయి ఎ4 కాయితాలు నాలుగు, పెన్సిల్, స్కెచ్ పెన్నులు, సూది, దారం. ఎ4 కాయితం మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు, నాలుగు కాయితాలు ఒకదాంట్ల ఒకటి పెడితే 16 పేజీలు. అచ్చు పుస్తకాలు గూడ 16, 32 పేజీలు ఉండేది ఇందుకే, పెద్ద షీటును మడిచి కోస్తే పేజీలు అట్ల వస్తయి.

బొమ్మలు వేసే ముందే మడిచి పెన్సిల్‌తోటి మూలకు నంబర్లు వేసుకోండి, అట్ట ముందటిది 1, వెనుకది 16. నంబర్లు వేసినంక కాయితాలు విప్పి చూస్తే ఒక కాయితం మీద పక్కపక్కన ఉన్న రెండు నంబర్లు కలిపితే ఎప్పుడైనా 17 వస్తది, రాకపోతే ఎక్కడనో తిరగబడ్డట్టు. మేము మొదటిసారి ఇది చేయకుండ బొమ్మలన్నీ వేసినం, కుట్టినంక బర్రె తల ఒక పేజీల, మొండెం ఇంకెక్కడనో వచ్చింది, పిల్లలు ఏడ్చినంత పని చేసిన్రు. 8, 9 పేజీలు నడుమ ఒకే కాయితం మీద వస్తయి, అందుకే అన్నిటికంటే పెద్ద బొమ్మ అక్కడ పెట్టాలె.

సంగతి ఎంచుకునేటప్పుడు పిల్ల అడిగిన ప్రశ్న నుంచే మొదలుపెట్టండి. "జంతువులు" అని పెట్టుకుంటే పుస్తకం తేలదు, "బర్రెకు పై పళ్లెందుకు లెవ్వు" అని పెట్టుకుంటే తేలుతది. మా బర్రె పుస్తకం ఇట్ల వచ్చింది. అట్ట మీద బర్రె మొఖం. 2, 3 పేజీలల్ల నోరు తెరిచిన బర్రె, ఒకటే మాట, పై పళ్లెన్ని? జవాబు ఆ పేజీల ఇయ్యొద్దు, పేజీ తిప్పితేనే దొరకాలె, తిప్పే ముందు పిల్లలు ఊహించుకోవాలె. 4, 5ల జవాబు, ముందట పైన పళ్లు ఉండయి, గట్టి మెత్త లెక్క చిగురుంటది, నాలుకతోటి గడ్డిని చుట్టి పట్టి, కింది పళ్లకు ఆ మెత్తకు నడుమ నొక్కి తెంపుతది, నమిలే పళ్లు మాత్రం వెనుక పైన కింద రెండు దిక్కులా ఉంటయి. 6, 7ల నెమరు, కడుపుల నాలుగు అరలు, తిన్నది మళ్ల నోట్లకు తెచ్చుకొని తీరిగ్గ నములుడు. నడుమ 8, 9ల చెరువుల పండుకున్న బర్రెలు, నల్లటి తోలు ఎండకు తొందరగ వేడెక్కుతది, చెమట పట్టే గ్రంథులు ఆవుకంటే తక్కువ, అందుకే నీళ్లు, బురద. 10, 11ల దుడ్డె, తల్లి కడుపుల సుమారు పది నెలలు, ఈనినంక ముర్రుపాలు, దుడ్డె తాగినంక మిగిలిన వాటితోటి జున్ను. 12, 13ల వీపు మీద కొంగ, బర్రె నడిస్తే గడ్డిలకెల్లి లేచే పురుగుల కోసం వస్తది. 14, 15ల కొట్టం మొత్తం బొమ్మ, గీతలు గీసి పేర్లు, గూటం, పలుపు, కుడితి గోలెం, వరిగడ్డి, పెండ. ఆ పేర్లు మా అమ్మ ఫోన్ల చెప్తుంటే పిల్లలు రాసిన్రు.

రాతల పేజీకి రెండు మూడు వాక్యాలు, వాక్యానికి ఐదారు మాటలు. పిల్లలు నోటితోటి చెప్తుంటే మీరు రాసుడు మంచిది, వాళ్ల మాట వాళ్లదిగనే రాయండి. "బర్రె కడుపుల నాలుగు అర్రలు" అని మా పిల్లలు అన్నరు, అరలు అని దిద్దలే, అర్ర అంటే ఇంట్ల గది అని వాళ్లకు తెలుసు కదా, అదే మంచి పోలిక. పెద్దోళ్లకు ఒక దురద ఉంటది, చివర్ల "కాబట్టి మనం జంతువులను ప్రేమించాలె" అని రాయాలని. రాయకండి. నోట్లకు తొంగి చూసిన పిల్లకు ఆ ప్రేమ ముందే ఉన్నది. ప్రాస కోసం నిజాన్ని వంచొద్దు, బర్రెకు కండ్లద్దాలు, చీర పెట్టొద్దు, అది కథల పుస్తకంల సరే, ఇక్కడ కాదు. బొమ్మ రాకపోతే ఫోన్ల ఫోటో తీసి ప్రింటు అతికించండి, పక్కన పిల్లను నిలబెట్టి తీస్తే కొలత గూడ తెలుస్తది.

రాసిన ప్రతి సంగతిని ఇద్దరిని అడగండి, ఒకరు ఆ పని చేసేటోళ్లు, రెండోది పుస్తకమో చదువుకున్న మనిషో. బర్రె గురించి మా అమ్మను, ఊళ్ల పశువుల డాక్టర్‌ను అడిగినం. చెరువు పుస్తకం చేస్తే నీరటిని అడగండి, ఏ తూము ఎప్పుడు తెరుస్తరో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెల్వదు. ఇద్దరి మాట కలవకపోతే ఆ వాక్యం పక్కన పెట్టేయండి.

కుట్టుడు సులువు. మడత మీద నడుమ ఒకటి, పైన కింద రెండు వేళ్ల దూరంల ఒక్కోటి, మూడు రంధ్రాలు పెద్దోళ్లే పొడవాలె. లోపలికెల్లి నడుమ రంధ్రంల సూది పోనిచ్చి బయటికి తీసి, పై రంధ్రంల లోపలికి, అక్కడికెల్లి కింది రంధ్రంల బయటికి, మళ్ల నడుమ రంధ్రంల లోపలికి తీసుకొచ్చి ముడి వెయ్యండి. మామూలు స్టేప్లర్ నడుమ మడత దాకా అందదు, అందుకే దారమే నయం. అట్టకు పాత క్యాలెండర్ కాయితం వాడితే గట్టిగుంటది.

టైం లేనోళ్లకు ఒక్క కాయితం పుస్తకం ఉంది. ఎ4ను మూడుసార్లు సగం సగం మడిచి విప్పితే ఎనిమిది గడులు వస్తయి. అడ్డంగ ఒక్కసారి సగానికి మడిచి, మడత దిక్కు నుంచి నడుమ గీత మీద ఒక గడి దాకానే కత్తిరించండి, విప్పి పొడుగ్గ మడిచి రెండు కొనలు లోపలికి నెట్టితే నడుమ నోరు తెరుచుకొని ఎనిమిది పేజీల పుస్తకం అయితది. కుట్టు లేదు, జిగురు లేదు, ఐదు నిమిషాలు. ఆరుద్ర పురుగు పుస్తకం మేము ఇట్లనే చేసినం, ఎనిమిది పేజీలు, ఎనిమిది కాళ్లు.

వెనుక అట్ట, అంటే 16వ పేజీ ఖాళీగ వదిలెయ్యకండి. అక్కడ చేసిన పిల్లల పేర్లు, తేదీ, ఎవరిని అడిగి రాసినమో రాయండి, కింద ఇంకా జవాబు దొరకని ఒక ప్రశ్న రాయండి, దాంతోటే వచ్చే పుస్తకం మొదలైతది. మా బర్రె పుస్తకం వెనుక మా పాప చేతిరాతతోటి ఉన్నది, మేకకు పైన పళ్లుంటయా? వచ్చే ఆదివారం పిల్లలందరం కలిసి మేకలు కాసే తాత కాడికి పోతున్నం.